కొత్త వ్యాపారానికి పేరెంత ముఖ్యం?



మన పిల్లలు కొందరు స్టార్టప్‌లు పెట్టడానికి ముందుకు రావడం ఎంతో సంతోషం. దుకాణానికి బోర్డు ఎలాగో, ఇంటర్నెట్‌లో డొమైన్ పేరు అలాగ. అయితే కూడబెట్టిన సొమ్మంతా ఆ పేరుకే పోయవలసిన పని ఉందా?

2004లో ఫేస్‌బుక్ మొదలైనప్పుడు దాని చిరునామా 'దిఫేస్‌బుక్ డాట్ కామ్'. జనం చేరాకే, 2005లో, రెండు లక్షల డాలర్లిచ్చి 'ది' లేని పేరు కొన్నారు. టెస్లా వారు 2016 వరకు 'టెస్లామోటార్స్ డాట్ కామ్' తోనే కార్లు అమ్మారు. కోరుకున్న పేరు ఆలస్యమైంది గాని పని ఆగలేదు.

కనుక పేరు నోటికి సులువుగా, విని రాసుకోవడానికి తికమక లేకుండా ఉంటే చాలు. అంతకన్న ముఖ్యం, అది ఎవరి పేర రిజిస్టరయిందో చూసుకోవడం. మేమెరిగిన ఒక కుర్రవాడు సైటు చేసిపెట్టిన వారి పేరనే ఉంచేశాడు. మాట తేడా రాగానే మూడేళ్ల చిరునామా పోయింది. పాత ఖాతాదారులు దారి తెలియక వేరే కొట్టు చూసుకున్నారు. డొమైన్ సొంత స్థలం కాదు, అద్దె కొట్టు వంటిది. గడువు లోపల రుసుము కట్టుకుంటూ ఉండాలి.

పేరు మన చేతిలో ఉంచుకుందాం, సొమ్ము పనిమీద పెడదాం.