మీటరుకు ఇరువైపులా

(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బది అయిదు సంవత్సరాలు నిండిన తెలుగు మాధ్యమ పాఠశాల వేడుకలో భాషను గురించి, సంస్కృతిని గురించి ప్రసంగాలు ఉండటం సహజం. విద్యుచ్ఛక్తిని గురించి ప్రసంగమెందుకన్న సందేహం కొందరికి కలుగవచ్చు. కాని కోయంబత్తూరు, మధుర ప్రాంతాలలోని పాత తెలుగు కుటుంబాల గత శతాబ్ది చరిత్రను వ్రాయబూనిన వారెవరైనా బావి, మోటారు, మిల్లు అనే మూడు మాటలు లేకుండా నాలుగు పుటలు నింపలేరు. ఆ మూడింటిని కలిపినది విద్యుత్ తీగ. ఆ తీగను ఇంటి దాకా, పొలం దాకా తెచ్చి నిలబెట్టేది పంపిణీ సంస్థ. బొగ్గు నుండి గాలికి, సూర్యరశ్మికి దేశం మరలుతున్న ఈ కాలంలో ఆ సంస్థకూ ఊరికీ మధ్య సంబంధం ఎలా ఉండాలన్నదే నేటి ప్రసంగ విషయం.

విజయనగర కాలంలోను, తరువాత మధుర నాయకుల ఏలుబడిలోను తెలుగువారు ఈ దక్షిణ సీమలకు తరలివచ్చారు. వారిలో అనేక రైతు కుటుంబాలు నల్లరేగడి నేలలలో స్థిరపడి ప్రత్తి పండించినవి. కోయంబత్తూరు పడమటి కనుమల చాటున ఉన్న సీమ. అచట వాన తక్కువ. నొయ్యల్ నది ఏడాది పొడుగునా పారేది కాదు. కాబట్టి బావియే ఆధారం. ఎద్దులు మోట లాగితేనే మడి తడిసేది. ఎద్దుల బలం ఎంతవరకో సాగు అంతవరకే.

ఆ హద్దును చెరిపినది నీలగిరులలోని పైకారా జలవిద్యుత్ కేంద్రం. 1932లో ఆరంభమైన ఆ కేంద్రపు విద్యుత్తు కొండ దిగి కోయంబత్తూరు చేరినది. 1888లో స్టేన్స్ మిల్లు, 1910లో జి. కుప్పుస్వామి నాయుడు స్థాపించిన లక్ష్మీ మిల్లు అప్పటికే ఉన్నవి. పైకారా విద్యుత్తు వచ్చిన తరువాత ఆ దశాబ్దంలోనే నూలు మిల్లులు వరుసగా వెలసినవి. 1937లో జి.డి. నాయుడు, డి. బాలసుందరం నాయుడు కలిసి పీళమేడులో తయారు చేసిన మోటారును దేశంలోనే తొలి స్వదేశీ విద్యుత్ మోటారుగా పేర్కొంటారు. క్రమంగా కోయంబత్తూరు పంపుసెట్ల తయారీకి దేశంలో పేరెన్నిక గన్న కేంద్రమైనది. కరెంటు వచ్చినందున మోటారు పుట్టినది. మోటారు పుట్టినందున బావి బాగుపడినది.

మధుర ప్రాంతపు అనుభవం మరొక విధమైనది. 1895లో పూర్తయిన పెరియార్ ఆనకట్ట పడమటికి పోయే నీటిని కొండ సొరంగం గుండా తూర్పుకు మళ్ళించి మధుర పొలాలకు అందించినది. 1958 నుండి అదే నీరు దిగువన లోయర్ క్యాంపు వద్ద విద్యుత్ కేంద్రాన్ని త్రిప్పుతూ, ఆ పిమ్మటనే వైగై లోయకు చేరుతున్నది. ఈ విద్యుదుత్పత్తికి సంబంధించి తమిళనాడు, కేరళ రాష్ట్రాలు 1970లో ఒప్పందం చేసుకొన్నవి. ఒకే నీరు ముందు విద్యుత్తును, తరువాత పంటను ఇస్తున్నది. ఉన్న వనరును రెండు పనులకు వినియోగించుకొనే ఈ వివేకం నేటి శక్తి పరివర్తనకు కూడా మూలసూత్రం.

స్వాతంత్ర్యానంతరం 1957లో మద్రాసు రాష్ట్ర విద్యుత్ బోర్డు ఏర్పడినది. పల్లెపల్లెకూ స్తంభాలు నడిచినవి. లైన్‌మన్ ఊరివారందరికీ తెలిసిన మనిషి అయినాడు. ఐతే తీగతో పాటు తగవు కూడా వచ్చినది. వ్యవసాయ విద్యుత్ ధర యూనిట్‌కు ఒకటి రెండు పైసలు పెంచిన సందర్భంలో 1970లో కోయంబత్తూరు రైతులు ఉద్యమించారు. వైయంపాళయానికి చెందిన సి. నారాయణస్వామి నాయుడు నాయకత్వం వహించారు. పెరుమానల్లూరులో జరిగిన కాల్పులలో రైతులు ప్రాణాలు కోల్పోయారు. 1972లో ఎడ్లబండ్లతో కోయంబత్తూరు నగర వీధులను రైతులు స్తంభింపజేశారు. పైసలకు ఇంత పోరాటమా అని నగరవాసులు ఆశ్చర్యపడి ఉండవచ్చు. ప్రత్తి ధర తన చేతిలో లేని రైతుకు కరెంటు ధర కూడా తన చేతిలో లేకపోవడమే ఆ పోరాటపు ఆంతర్యం. నారాయణస్వామి నాయుడు 1984లో మరణించారు. ఆ దశాబ్దంలోనే చిన్న రైతులకు, 1990లో రైతులందరికీ ఉచిత విద్యుత్తు లభించినది.

ఆ విజయం చిన్నది కాదు. దానివల్ల నిలబడిన కుటుంబాలు, చదువుకొన్న పిల్లలు ఎందరో ఉన్నారు. ఈ సభలోని పూర్వ విద్యార్థులలోనూ అట్టి ఇండ్ల నుండి వచ్చినవారు తప్పక ఉంటారు. ఐనను దాని వెనుక వచ్చిన చిక్కును దాచిపెట్టరాదు. వెయ్యి లీటర్ల నీటిని నూరడుగుల లోతు నుండి పైకి తేవడానికి లెక్క ప్రకారం యూనిట్‌లో పన్నెండవ వంతు విద్యుత్తు చాలును. అదే నీటిని వెయ్యి అడుగుల నుండి తేవాలంటే దానికి పది రెట్లు కావాలి. మోటారులోను, పైపులలోను పోయే నష్టం కలిపితే నిజమైన ఖర్చు ఇంకా మూడింతలు కావచ్చు. కోయంబత్తూరు సీమలో తెరచిన బావులు ఎండి, బోరుబావులు వందల అడుగులు దిగినవి. కొన్నిచోట్ల వెయ్యి అడుగులు కూడా దాటినవి. నీరు పెరగలేదు, కరెంటు ఖర్చు మాత్రం పెరిగినది. బిల్లు రాకపోవడం వల్ల ఆ ఖర్చు రైతు కంటికి కానరాలేదు. కానీ భూమికి తెలిసినది, పంపిణీ సంస్థ ఖాతాకు తెలిసినది.

తమిళనాడులో వ్యవసాయ విద్యుత్ కనెక్షన్లు ఇరవై లక్షలకు పైబడినవి. వాటి ఖర్చులో కొంత ప్రభుత్వం సబ్సిడీగా ఇస్తున్నది. కొంత భారం ఎక్కువ ధర చెల్లించే పరిశ్రమలపై, వ్యాపారాలపై పడుతున్నది. ఈ ఏర్పాటు నిలవాలంటే ఎక్కువ చెల్లించేవారు సంస్థ వద్దనే కొనాలి. ఇక్కడనే గాలి మరలు రంగంలోకి వచ్చినవి.

పాల్ఘాట్ కనుమ గుండా వీచే నైరుతి గాలి పల్లడం, ఉడుమలపేట మైదానాలలో బలంగా ఉంటుంది. 1990ల నుండి కోయంబత్తూరు మిల్లు యజమానులు అచట సొంత గాలిమరలు నిలిపారు. నేడు తమిళనాడు గాలి విద్యుత్ సామర్థ్యం పదివేల మెగావాట్లకు మించినది. మర ఉడుమలపేటలో తిరుగుతుంది, యంత్రం పీళమేడులో నడుస్తుంది. రెండింటి మధ్య ఉన్నవి పంపిణీ వ్యవస్థ తీగలే. గాలి ఎక్కువగా వీచే మే నుండి సెప్టెంబరు దాకా మిగిలిన యూనిట్లను ఖాతాలో జమ చేసుకొని తరువాత వాడుకొనే బ్యాంకింగ్ సదుపాయం కూడా ఈ రాష్ట్రంలో పెరిగినది. గాలి నిలిచిన సాయంకాలం మిల్లు ఆగకుండా చూచే బాధ్యత మాత్రం సంస్థదే. మిల్లుకు చౌక విద్యుత్తు దొరికినది, దేశానికి బొగ్గు ఆదా అయినది. ఎక్కువ ధర చెల్లించే వాడుకదారు చేజారగా, నిలకడ కాపాడే భారం సంస్థకు మిగిలినది.

2010లో పాత బోర్డును విభజించి ఉత్పత్తి, పంపిణీలకు టాంజెడ్కోను, ప్రసారానికి టాన్‌ట్రాన్స్‌కోను నెలకొల్పారు. 2024లో టాంజెడ్కోను మరల విడదీయగా పంపిణీకి ప్రత్యేక కార్పొరేషన్ ఏర్పడినది. పేర్లు మారినవి గాని లక్ష కోట్ల రూపాయలను దాటిన ఋణభారం మాయం కాలేదు. అప్పుల్లో ఉన్న సంస్థ ట్రాన్స్‌ఫార్మర్‌ను సకాలంలో మార్చలేదు, ఖాళీగా ఉన్న లైన్‌మన్ పోస్టును నింపలేదు. ఆ లోటును ముందుగా అనుభవించేది ఊరి చివరి ఇల్లు. కావున పంపిణీ సంస్థ ఆరోగ్యం సర్కారు గొడవ అనుకోవడం పొరపాటు. అది ఊరి సొంత వ్యవహారం.

సంస్థ, ఊరు కలిసి మెలిసి నడిస్తే ఏమి సాధ్యమో చూపిన ఉదాహరణ కోయంబత్తూరు జిల్లాలోనే ఉన్నది. మేట్టుపాళయం సమీపంలోని ఓడంతురై పంచాయతీకి తాగునీటి పంపులు, వీధి దీపాల కరెంటు ఖర్చు మోయలేని బరువైనది. 2006లో ఆ పంచాయతీ సుమారు కోటిన్నర రూపాయల వ్యయంతో, అధిక భాగం బ్యాంకు ఋణంతో, 350 కిలోవాట్ల గాలిమరను కొన్నది. మరను నిలిపినది తమ ఊరిలో కాదు, గాలి ఉన్న ఉడుమలపేట ప్రాంతంలో. పుట్టిన విద్యుత్తును విద్యుత్ బోర్డు తీగలలోకి పంపి, తమ వాడుక పోగా మిగిలినదాన్ని బోర్డుకే అమ్మి, ఆ రాబడితో ఋణం తీర్చుకొన్నారు. మర పంచాయతీది, తీగ సంస్థది. ఏ ఒక్కటి లేకున్నా రెండవది వ్యర్థం.

తెలుగుగడ్డ మీద దీనికంటె పాత ఉదాహరణ సిరిసిల్ల. 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ ఏర్పడిన పిమ్మట దేశంలో ప్రయోగాత్మకంగా ఎంచుకొన్న అయిదు గ్రామీణ విద్యుత్ సహకార సంఘాలలో అది ఒకటి. నేతగాండ్లు, రైతులు వాడుకదారులుగానే గాక సభ్యులుగా ఉండి పాలకవర్గాన్ని ఎన్నుకొన్నారు. సంఘం పెద్ద సంస్థ వద్ద విద్యుత్తు కొని ఊళ్ళకు పంచినది. బిల్లు కట్టే మనిషికి లెక్క అడిగే హక్కు కూడా ఉన్నదన్న నీతి సిరిసిల్ల నేర్పినది.

మూడవ ఉదాహరణ గుజరాత్ ఖేడా జిల్లాలోని ధుండి గ్రామం. 2016లో అక్కడి కొద్దిమంది రైతులు సౌర పంపుల సహకార సంఘంగా ఏర్పడినారు. సాగుకు కావలసినంత వాడి, మిగిలిన విద్యుత్తును ఆ ప్రాంతపు పంపిణీ సంస్థకు దీర్ఘకాల ఒప్పందం మీద అమ్మసాగారు. విద్యుత్తు అమ్ముడుపోతుందంటే దానిని వృథాగా నీరు తోడటానికి ఖర్చు చేసేవారెవరు? నీటిని మిగిల్చితే రాబడి వస్తుందన్న ఆలోచన రైతు మనసులో నాటుకొనడమే అందలి విశేషం. 2019లో కేంద్రం ప్రారంభించిన పి.ఎం. కుసుమ్ పథకంలో వ్యవసాయ మోటార్లను సౌరశక్తికి మార్చే భాగం కూడా ఇదే మార్గాన సాగినది. కోయంబత్తూరు బోరుబావులకు ఇంతకంటె తగిన మందు కానరాదు. పోరాడి సాధించుకొన్న హక్కుకు భంగం లేకుండా, పొదుపు చేసిన రైతుకు బహుమానం లభించే మార్గమిది. ఎండ ఉన్నవేళనే మోటారు నడుస్తుంది గనుక, అర్ధరాత్రి టార్చిలైటుతో, పాముల భయంతో స్టార్టరు వద్దకు పోవలసిన బాధ కూడా తప్పుతుంది.

మధురకు ఆగ్నేయంగా కముదిలో 2016లో 648 మెగావాట్ల సౌర కేంద్రం వెలసినది. అటువంటి మహాకేంద్రాలు అవసరమే. ఐతే ఊరి మిద్దె మీద పడే ఎండ కూడా అదే ఎండ. ఒక కిలోవాట్ పలకలకు సుమారు నూరు చదరపు అడుగుల చోటు చాలును, రోజుకు నాలుగు యూనిట్ల దాకా వస్తుంది. 2024లో ప్రారంభమైన పి.ఎం. సూర్యఘర్ పథకం మూడు కిలోవాట్ల ఇంటి ఏర్పాటుకు 78,000 రూపాయల సహాయాన్ని నిర్ణయించినది. ఐనను మిద్దె ఉన్నవానికే ఈ మేలు చేరి, అద్దె ఇంటి నేతగాడు పాత బిల్లే కడుతూ ఉంటే అది న్యాయమైన పరివర్తన కాజాలదు. పాఠశాల, సత్రం, పంచాయతీ భవనం వంటి ఉమ్మడి కప్పులను ముందుగా ఎంచుకొనడం సంస్థ ధర్మం. అర్జీ పెట్టినవారికి మీటరు జాప్యం లేకుండా అమర్చడం, ఇచ్చిన యూనిట్ల లెక్కను సులభమైన భాషలో బిల్లు మీద చూపడం కూడా దాని ధర్మమే.

ఊరికి కూడా ధర్మాలున్నవి. పాత మోటారును మార్చి సామర్థ్యం గలదానిని పెట్టుకోవాలి. బోరు ఇంకా దించే ముందు చెరువు పూడిక తీయాలి. వ్యవసాయ మోటారుకు మీటరు పెట్టడమంటే బిల్లు వేయడమేనన్న భయాన్ని సంస్థ నమ్మకంగా తొలగించాలి, తొలగించిన మీదట ఊరు మీటరును అంగీకరించాలి. లెక్క లేనిచోట పొదుపునకు బహుమానం ఇవ్వడం సాధ్యం కాదు.

ఈ పాఠశాల పూర్వ విద్యార్థులలో ఇంజనీర్లు, మిల్లు యజమానులు, రైతులు, విద్యుత్ సంస్థ ఉద్యోగులు ఉండవచ్చు. అంటే మీటరుకు ఇరువైపుల వారూ ఒకే బల్ల మీద కూర్చొని చదువుకొన్నవారే. వారు కలిసి పాఠశాల కప్పు మీద సౌర పలకలు నిలిపితే, ఎనిమిదవ తరగతి పిల్లలు ప్రతి ఉదయం మీటరు చూచి, వచ్చిన యూనిట్లు ఎన్ని, వాడినవి ఎన్ని, తీగలోకి ఇచ్చినవి ఎన్ని అని తెలుగులో నోటు పుస్తకంలో వ్రాసుకొంటారు. సంవత్సరాంతంలో ఆ లెక్కను తల్లిదండ్రుల సభలో చదవవచ్చు. గణితం, విజ్ఞానం, పౌరధర్మం మూడూ ఆ ఒక్క పుస్తకంలో ఇమిడి ఉంటాయి.

మోట నుండి మోటారుకు మారిన తరం ధైర్యం చేసినది. ధర కోసం పోరాడిన తరం త్యాగం చేసినది. తీసుకొన్నదీ ఇచ్చినదీ దాచకుండా లెక్క చెప్పుకొనే పని నేటి తరానికి మిగిలినది. ఆ పనికి ఈ జూబిలీ సంవత్సరంలోనే, ఈ పాఠశాల కప్పు మీదనే నాంది పలుకుదురు గాక.

స్వస్తి.