పిల్లల ఎత్తు మన కూలి లెక్క చెప్తది



పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం ఫ్యాక్టరీల గేట్ల ముందు మన పిలగాండ్లను చూసి "మీ జాతోళ్లు ఇంతే, పొట్టిగనే ఉంటరు" అనే మాట మీరూ వినే ఉంటరు. కోపం పక్కన పెట్టి దీనికి లెక్కతో జవాబు చెప్పాలె.

1833లో ఇంగ్లండ్ ప్రభుత్వం ఒక కమిషన్ వేసి, మాంచెస్టర్, స్టాక్‌పోర్ట్ బట్టల మిల్లుల్లో పనిచేసే పిల్లల ఎత్తు కొలిపించింది. అక్కడ 18 ఏళ్ల పిలగాడి సగటు ఎత్తు దాదాపు 160 సెంటీమీటర్లు. ఇప్పుడు ఆ దేశంలో అదే వయసోళ్ల సగటు 175 దాటింది. తల్లిదండ్రుల ఎత్తు పిల్లలకు వస్తది, నిజమే. కానీ ఏడెనిమిది తరాల్లో ఒక జాతి రక్తం మారిపోదు కదా! మరి ఏం మారింది? పసిపిల్లలతో పని చేయించుడు ఆగింది. కూలి పెరిగింది. మంచినీళ్లు, మురుగుకాలువలు వచ్చినయి. ఇంట్లకు పాలు, గుడ్లు వచ్చినయి.

గుర్తుపెట్టుకోండి, ఆ రోజుల్లో ఫ్యాక్టరీల్లో ముందున్న దేశం అదే. పొగగొట్టం ఎంత ఎత్తు లేచినా, దానంతట అది పిల్లల్ని ఎత్తు పెంచలేదు.

ఆడపిల్లలు పెద్దమనిషి అయ్యే వయసు కూడా ఇట్లనే మారింది. పంతొమ్మిదో శతాబ్దం నడుమ ఉత్తర ఐరోపాలో అది 16 ఏళ్ల చుట్టూ ఉండేది, తర్వాత 13 దాకా తగ్గింది. తిండి, ఆరోగ్యం మెరుగైతే శరీరం ముందే ఎదుగుతది. అంతమాత్రాన పెండ్లికి తయారైనట్టు కాదు. ఆ తర్వాత కూడా ఎముకలు పెరుగుతనే ఉంటయి. అందుకే 18 నిండకుండా పెండ్లి వద్దని మన ఇండ్లల్ల మనమే గట్టిగ చెప్పాలె.

ఇక మన దగ్గరి రుజువు. 1987 నుంచి 1990 దాకా హైదరాబాద్ దగ్గరి 15 ఊళ్లల్లో గర్భిణులకు, ఆరేళ్లలోపు పిల్లలకు అంగన్‌వాడీల ద్వారా మొక్కజొన్న, సోయా పిండితో చేసిన ఉప్మా పెట్టారు. పక్కనున్న 14 ఊళ్లకు అప్పటికి ఆ పథకం రాలేదు. 2003-05లో, 13 నుంచి 18 ఏళ్ల వయసులో ఆ పిల్లల్ని కొలిస్తే, ఉప్మా అందిన ఊళ్లోళ్లు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తున్నరు. గుండెజబ్బు, షుగర్ ముప్పు చెప్పే కొన్ని గుర్తులు కూడా వాళ్లల్ల మెరుగ్గా ఉన్నయి. రోజుకు ఒక్క పూట తిండి చేసిన పని ఇది.

వెనక్కి పోవుడు కూడా ఉంటది. తెలంగాణలో ఐదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనోళ్లు 2015-16 సర్వేలో 28 శాతం, 2019-21 సర్వేలో 33 శాతం. దేశంలో గిరిజన పిల్లలను విడిగా తీస్తే దాదాపు 41 శాతం.

ఇప్పుడు మన బస్తీలు చూడండి. నారాయణఖేడ్ తండాల నుంచి, ఒడిశా, జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ గూడేల నుంచి వచ్చినోళ్లు రేకుల గదుల్లో ఉంటున్నరు. కడుపుతో ఉన్న అక్క ఇక్కడ, అంగన్‌వాడీలో ఆమె పేరు ఊర్లో. నక్కవాగు నీళ్లు ఫ్యాక్టరీలు పాడుచేసినయి, తాగే నీళ్లు కొనాలె. మురికి నీళ్లతో పసిబిడ్డకు మాటిమాటికి విరేచనాలైతే తిన్నది ఒంటికి పట్టదు. మొదటి రెండేళ్లలో పోయిన ఎత్తును తర్వాత పూర్తిగా తెచ్చుకోవడం కష్టం.

అందుకే మూడు పనులు చేద్దాం. ఒకటి, మీ బస్తీలో ఆరేళ్లలోపు పిల్లల్ని, గర్భిణులను ఇల్లిల్లు తిరిగి రాయండి. రెండు, 40 మంది పిల్లలుండి అంగన్‌వాడీ లేకపోతే దరఖాస్తు పెట్టండి. అడిగిన మూడు నెలల్లో కేంద్రం పెట్టాలని 2006 డిసెంబర్ 13న సుప్రీంకోర్టు ఆదేశించింది. మూడు, కేంద్రం ఉన్న చోట నెలనెలా పిల్లల ఎత్తు, బరువు కొలిచి రాస్తున్నరా లేదా అడగండి.

మన పిల్లలు పొట్టి జాతోళ్లు కాదు, వాళ్ల వాటా తిండి, నీళ్లు ఇంకా వాళ్లకు అందలేదు. ఆ వాటా అడుగుదాం.

జోహార్!