పని చోట ప్రమాదం జరిగితే మన హక్కు ఏమిటి?

(2024-25 వార్షిక మహాసభలో కాళేశ్వరం సంఘం తరఫున చేసిన ప్రసంగం)



పొదుపు, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి లెక్కలు ఇంతకుముందే చదివిండ్రు. ఆ లెక్కల్లో కనబడని ఒక సంగతి మేము చెప్పదలచుకున్నాము. కిస్తీ ఆగిన ఇంటికి పోయి అడిగితే, కొన్ని ఇండ్లల్ల మగమనిషి పనిలో దెబ్బ తిని మంచాన పడి ఉంటడు. ప్రమాదం కాంట్రాక్టరు పనిలో జరుగుతది, అప్పు మన సంఘంలో మిగులుతది.

2016లో ప్రాజెక్టు మొదలైన కాడి నుంచి మేడిగడ్డ, కన్నెపల్లి పనులకు మనోళ్లు పోయిండ్రు. 2025 మే 15 నుంచి 26 దాకా జరిగిన సరస్వతి పుష్కరాలకు ముందు కూడా చేతినిండా పని దొరికింది. ఇక్కడ పని లేనప్పుడు కరీంనగర్, హైదరాబాద్ పోతరు. 2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లాలో ఎస్ఎల్‌బీసీ సొరంగం కూలి 8 మంది లోపల చిక్కుకుంటే రాష్ట్రమంతా టీవీల ముందు కూర్చుంది. పెద్ద ప్రమాదమైతే మంత్రులు వస్తరు. ఒక్క మనిషి స్లాబు మీద నుంచి పడితే మేస్త్రీ ఒక్కడే వస్తడు. చేతిల కొన్ని పైసలు పెట్టి, తెల్ల కాయిదం మీద వేలిముద్ర తీసుకుంటడు.

మా సంఘంలో ఒక చెల్లెకు ఇట్లనే అయింది. సెంట్రింగ్ పనిలో ఆమె భర్త పడి నడుము విరిగింది. ఇప్పటికీ లేవలేడు. కాంట్రాక్టరు మొదటి బిల్లు కట్టి మళ్లీ కనబడలేదు. ఫోన్ చేస్తే "హెల్మెట్ పెట్టుకోలేదు, తప్పు ఆయనదే" అన్నడు. ఆ ఇంటికి గుంట భూమి లేదు. సంఘం సభ్యులకు 10 లక్షల ప్రమాద బీమా ఉంది గానీ, అది సభ్యురాలికే, భర్తకు రాదు. అప్పుడు మేము ఆమెతో కార్మిక శాఖ ఆఫీసుకు పోయి దరఖాస్తు పెట్టించినం. విచారణ నడుస్తున్నది. ఆ తిరుగుడులో తెలుసుకున్నవి మీకు చెప్తున్నాము.

ఉద్యోగుల నష్టపరిహార చట్టం 1923 నుంచి 2025 నవంబర్ దాకా ఉండె, ఇప్పుడు ఆ హక్కు సామాజిక భద్రతా కోడ్‌లో ఉంది. పర్మినెంటు ఉద్యోగం కానక్కర లేదు, సెంట్రింగ్ పని చేసే రోజు కూలీకి కూడా వర్తిస్తది. పని సబ్ కాంట్రాక్టరు చేతిలో ఉన్నా, ఆ పని అప్పగించిన అసలు కంపెనీని కూడా అడగవచ్చు.

మనిషి చనిపోతే నెల జీతంలో సగాన్ని, వయసును బట్టి చట్టంలో ఉన్న అంకెతో గుణిస్తరు. 40 ఏండ్లకు ఆ అంకె 184.17. నెలకు 12,000 సంపాదించే మనిషైతే 6,000 × 184.17, అంటే 11,05,020 రూపాయలు. పూర్తిగా పనికి రాకుండా అయితే సగం బదులు 60 శాతం తీసుకుంటరు. అప్పుడు 13,26,024 అవుతది. దవాఖాన ఖర్చు దీనికి వేరే. నెల లోపల కట్టకపోతే 12 శాతం వడ్డీ పడుతది.

చావు గానీ, పూర్తి అంగవైకల్యం గానీ అయితే "హెల్మెట్ పెట్టుకోలేదు, తాగి ఉన్నడు" అనే సాకు నిలవదు. చనిపోయినోళ్ల పరిహారం సంబంధిత అధికారి దగ్గర జమ చేయాలె. హక్కు వదులుకున్నట్టు రాయించుకున్న కాయిదం చెల్లదు. దరఖాస్తుకు గడువు 2 ఏండ్లు. ప్రమాదం హైదరాబాద్‌లో జరిగినా, మనం ఉండే ప్రాంతంలోనే వేయవచ్చు. ఆడవాళ్లకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తది. ఫోన్ నంబరు 15100.

ఉపాధి హామీ పనిలో దెబ్బ తగిలితే వైద్యం ఉచితం. దవాఖానలో చేర్చాల్సి వస్తే కూలిలో సగానికి తక్కువ కాకుండా రోజు భత్యం కూడా రావాలె.

రుజువు లేకపోతే ఇవన్నీ కాయిదం మీదనే ఉంటయి. అందుకే మేము ఈ సభను మూడు పనులు కోరుతున్నాము.

ఒకటి, బయట పనికి పోయేటోళ్ల వివరాలు, అంటే పని చోటు, కాంట్రాక్టరు పేరు, ఫోన్ నంబరు, రోజు కూలి, ప్రతి సంఘం మినిట్స్ పుస్తకంలో రాయాలె. ఫోన్‌లో జమ అయిన కూలి పైసల వివరం తీసేయొద్దని ఇంట్ల చెప్పాలె.

రెండు, ప్రమాదం జరిగిన రోజే పోలీస్ స్టేషన్‌లో రాయించాలె. దవాఖాన చీటీలు, ఫోటోలు దాచాలె. చనిపోతే పోస్టుమార్టం కాకుండా శవాన్ని తేవద్దు. చదవకుండా వేలిముద్ర వేయొద్దు.

మూడు, అట్లాంటి ఇంటికి సంఘం అప్పు ఇచ్చే రోజే పరిహారం దరఖాస్తు కూడా రాయించాలె. అప్పు ఇస్తే ఆ నెల గడుస్తది. పరిహారం వస్తే పిల్లల చదువు ఆగదు, సంఘం కిస్తీ కూడా ఆగదు.

దీన్ని సమాఖ్య తీర్మానంగా రాయాలని కోరుతున్నాము.