కొత్త ఆంప్లిఫయర్ కొనాలా, వద్దా?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

నాది 1986 టెన్త్ బ్యాచ్.

కమిటీ వాళ్ళు నాకు పది నిమిషాలిచ్చి, ఉద్యోగం సంగతి వద్దు, రాజకీయాలు అసలే వద్దు, ఇంకేదైనా చెప్పు అన్నారు. నాకున్న పిచ్చి ఒక్కటే, ఇంట్లో కూర్చుని పాటలు వినడం. ఆ పిచ్చిలో పోయిన ఏడాది ఐదు లక్షలు ఖర్చు పెట్టబోయాను. ఆ కథే చెబుతాను.

మా ఇంట్లో రెండు పవర్ ఆంప్లిఫయర్లు ఉన్నాయి, స్పీకరుకు ఒకటి చొప్పున. ఒక్కోటి 150 వాట్లు. ఎత్తాలంటే ఇద్దరు పట్టాలి. కొని పదిహేనేళ్ళయింది. ఈ మధ్య కుడివైపు స్పీకరులో సన్నగా గుయ్ మనే రొద మొదలైంది. మృదంగం మోత కూడా మునుపటంత బిగువుగా లేదనిపించింది. షాపతను వచ్చి విని, "వీటి కాలం అయిపోయింది సార్. పాతవి నేను తీసుకుంటాను, పైన ఐదు లక్షలివ్వండి, 300 వాట్లవి పెట్టేస్తా" అన్నాడు. వారం రోజులు విని చూడండని కొత్త జత ఇంట్లో దింపి వెళ్ళాడు.

మొదటి రోజు సాయంత్రమే పెట్టి విన్నాం. అబ్బ, తేడా తెలిసిపోయింది! గొంతు ముందుకొచ్చింది, వీణ తీగ మీద వేలు జారడం కూడా వినబడింది. మా ఆవిడ సైతం బాగుందంది, ఆవిడ ఊరికే అనే మనిషి కాదు. చెక్కుబుక్కు ఎక్కడుందో వెతికాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మా సైన్సు మాస్టారు గుర్తొచ్చారు, ఇదిగో ఎదురుగానే ఉన్నారు. ప్రాక్టికల్ రికార్డులో జవాబు ఎంత సరిగ్గా ఉన్నా, రీడింగులు లేకపోతే సంతకం పెట్టేవారు కాదు. నా దగ్గరా రీడింగు లేదు.

పొద్దున్నే వెయ్యి హెర్ట్జ్ టోన్ పెట్టి, వాల్యూమ్ ముట్టుకోకుండా రెండింటి వోల్టేజీ కొలిచాను. పాతది 2.8 వోల్టులు ఇస్తుంటే కొత్తది 3.1 ఇస్తోంది. అంటే దాదాపు 0.9 డెసిబెల్ ఎక్కువ. ఇంత చిన్న తేడాను మన చెవి "గట్టిగా ఉంది" అని గుర్తుపట్టదు, "స్పష్టంగా ఉంది" అనుకుంటుంది. షాపుల్లో జరిగే పోలికల్లో సగం మాయ ఇక్కడే ఉందని నా అభిప్రాయం. మోసం అనను, ఆ మాట వాళ్ళకీ తెలియకపోవచ్చు.

రెండు రెసిస్టర్లు సోల్డరు చేసి రెండింటినీ సమానం చేశాను. కుడివైపు రొద ఉంది కాబట్టి ఎడమ స్పీకరు ఒక్కదానితోనే పరీక్ష. మా అమ్మాయి కర్టెన్ వెనక నిలబడి రూపాయి బిళ్ళ ఎగరేసి, బొమ్మ పడితే పాతది, బొరుసు పడితే కొత్తది తగిలిస్తుంది. ఏది పడినా వైరు పీకి మళ్ళీ పెట్టాలి, లేకపోతే చప్పుడును బట్టి నేను పట్టేస్తాను. మొత్తం 16 సార్లు. ఊరికే ఊహించి చెప్పినా ఎనిమిది సరిపోతాయి. నిజంగా చెవికి తెలుస్తోందని నమ్మాలంటే కనీసం 12 రావాలి. ప్రతిసారీ ఎంతో ధీమాగా చెప్పాను. అయ్యాక, "నాన్నా, తొమ్మిది" అంది.

అవమానంగానే అనిపించింది. ముప్ఫై ఏళ్ళ నుంచీ స్నేహితులందరికీ ఏది కొనాలో చెప్పిన చెవులివి. ఆ వారంలోనే వినికిడి పరీక్ష చేయించుకున్నాను. నాలుగు వేల హెర్ట్జ్ దాటాక గీత కిందికి జారుతోంది, ఎనిమిది వేల దగ్గర బాగా పడిపోయింది. ఈ వయసులో మామూలేనన్నారు డాక్టరు గారు. మామూలే కావచ్చు. కానీ నేను డబ్బు పోసి కొనబోయే ఆ పైస్థాయి మెరుపు నా చెవిదాకా రాదని కాగితం మీద చూసుకోవడం వేరు. ఆ రోజు ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

నా చెవులొక్కటే కాదులెండి. 1985లో బాబ్ కార్వర్ అనే అమెరికన్ ఇంజనీరు స్టీరియోఫైల్ పత్రిక వాళ్ళతో పందెం కట్టాడు. వాళ్ళు ఎంచుకున్న ఖరీదైన వాల్వు ఆంప్లిఫయర్ లాగే తన చవక ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్‌ను పలికిస్తానన్నాడు. ఒకదాని అవుట్‌పుట్‌లోంచి రెండోదాన్ని తీసేస్తే మిగిలేదే తేడా. అది దాదాపు నిశ్శబ్దం అయ్యేదాకా సర్దుతూ పోయాడు. చివరికి ఆ విమర్శకులు తేడా పట్టుకోలేకపోయామని ఒప్పుకున్నారు.

మరి 300 వాట్ల సంగతేమిటి? వాట్లు రెట్టింపైతే మోత రెట్టింపు కాదు, 3 డెసిబెల్‌లు పెరుగుతుంది, అంతే. చెవికి రెట్టింపు అనిపించాలంటే పదింతల వాట్లు కావాలి. అదీ, ఉన్న వాట్లన్నీ వాడుతుంటేనే. నేనెంత వాడుతున్నానో చూద్దామని స్పీకరు దగ్గర ఆసిలోస్కోపు తగిలించి, పక్కింటివాళ్ళు తలుపు కొట్టే దాకా వాల్యూమ్ పెంచి ఒక కచేరీ మొత్తం పెట్టాను. సగటున 2 వోల్టులు. 8 ఓమ్‌ల స్పీకరు మీద అది అర వాటు! తనియావర్తనంలో మాత్రం ఒక్కో దెబ్బ 26 వోల్టుల దాకా ఎగిరింది. దానికి 42 వాట్ల ఆంప్లిఫయర్ సరిపోతుంది. నా పాతది 49 వోల్టుల దాకా తల తెగకుండా పోగలదు.

ఇక ఆ రొద. స్కోపులో 100 హెర్ట్జ్ కనిపించింది. మన కరెంటు 50 హెర్ట్జ్, రెక్టిఫయర్ దాటాక రెట్టింపవుతుంది కాబట్టి దొంగ పవర్ సప్లైలోనే ఉన్నాడు. మూత తీస్తే ఒక కెపాసిటర్ తల ఉబ్బి ఉంది. 10,000 మైక్రోఫారడ్‌లు ఉండాల్సింది సగం కూడా లేదు. తప్పు నాదే. గాలాడని టీవీ అలమారలో పెట్టాను. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్‌కు వేడి పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సుమారు సగమవుతుంది. కోఠి గుజరాతీ గల్లీలో 105 డిగ్రీల రకం, 80 వోల్టులవి తెచ్చి రెండింట్లోనూ ఎనిమిదీ మార్చాను. మొత్తం ఆరు వేలు దాటలేదు. (ఇంట్లో ప్రయత్నించేవాళ్ళకు ఒక్క మాట: స్విచ్ ఆపినా, ప్లగ్గు పీకినా వాటిలో చార్జి ఉంటుంది. రెసిస్టర్‌తో దింపకుండా వేలు పెట్టకండి.) మృదంగం బిగువు మాత్రం కెపాసిటర్‌ల వల్ల రాలేదు. కొత్త సోఫా వచ్చినప్పుడు స్పీకర్లను మూలకు నెట్టాం, మూలన పెడితే కింది స్వరాలు ఉబ్బిపోతాయి. రెండడుగులు ముందుకు జరిపాక సర్దుకుంది. మా ఆవిడకు సోఫా అడ్డం అయింది, ఆ చర్చ ఇంకా నడుస్తోంది.

అసలెప్పుడూ కొనొద్దని నేననడం లేదు. మా బ్యాచ్ వాడే ఒకడికి ముప్ఫై అడుగుల హాలు ఉంది. స్పీకర్లు నాలుగు ఓమ్‌లవి, కరెంటు బాగా లాగుతాయి. ఆంప్లిఫయర్ చూస్తే 40 వాట్లు. వాడింట్లో స్కోపు పెడితే ప్రతి పెద్ద దెబ్బకీ అల తల కత్తిరించినట్టు బల్లపరుపుగా వస్తోంది. అలా కొంతకాలం సాగితే పైస్వరాల చిన్న స్పీకరు కాలిపోతుంది. వాడికి పెద్దది కొనుక్కోమని నేనే చెప్పాను, కొన్నాడు, హాయిగా వింటున్నాడు.

షాపతనికి కొత్త జత తిరిగి ఇచ్చేటప్పుడు కాగితాలన్నీ చూపించాను. ఓపిగ్గా చదివి, "సార్, ఇవి మిగతా కస్టమర్లకు చూపించకండి" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం, కాఫీ తాగి వెళ్ళాడు.

ఇందాకటి నుంచీ ఈ మైకు సెట్టు కూడా గుయ్ మంటోంది, మీరూ వింటూనే ఉన్నారు. వైరు ఎర్తింగ్ లోపమైతే సాధారణంగా 50 హెర్ట్జ్, కెపాసిటర్ అయితే 100. స్కోపు కారు డిక్కీలో ఉంది. భోజనాలయ్యాక హెడ్మాస్టరు గారు అనుమతిస్తే మూత తీసి చూస్తాను. స్క్రూడ్రైవర్ పట్టుకోవడానికి తొమ్మిదో తరగతి పిల్లలు ఇద్దరు కావాలి.