సరుగుడు చెట్టు క్రింది అక్కచెల్లెండ్రు
(సంఘ సాహిత్య సభలో చేయబడిన ప్రసంగ పాఠము)



తోరూ దత్తు పేరు ఇంగ్లీషు పాఠ్యపుస్తకములు చదివినవారికి క్రొత్త కాదు. సరుగుడు చెట్టును గూర్చి ఆమె వ్రాసిన పద్యమును కళాశాలలో వల్లె వేసినవారు ఈ సభలోనే కొందరు ఉండవచ్చును. కాని తోరునకు అరు అను అక్క యొకతె యుండెననియు, ఆ అక్కయు కవిత్వము చెప్పెననియు తెలిసినవారు మిక్కిలి తక్కువ. నేటి ప్రసంగమునకు విషయము ఆ అక్క బాల్యము, యౌవనము. వేరు విధముగా చెప్పవలెనన్న, చెల్లెలి జ్ఞాపకములో మిగిలిన అక్క.

అక్క యనియు చెల్లెలనియు వేరువేరు మాటలు తెలుగువారికి కలవు. బంగాళీలకు 'దిది' కలదు. తోరు వ్రాసిన ఇంగ్లీషులో ఆ భేదము లేదు. పెద్దదైనను చిన్నదైనను ఒకే మాట. పుట్టిన భాషలో నోటినిండ పిలిచిన పిలుపును పరభాషలో వ్రాయవలసివచ్చినపుడు ఏదో కొంత జారిపోవుట సహజము. తోరు రచనలు చదువునపుడు ఈ సంగతి మనసునందుంచుకొనుట మంచిది.

కలకత్తాలో రామబాగాను దత్తులు పేరుపొందిన వంశమువారు. 'భారతదేశ ఆర్థిక చరిత్ర' వ్రాసిన రమేశచంద్ర దత్తు ఆ యింటివాడే. గోవిందచంద్ర దత్తు ప్రభుత్వపు కొలువు చేసి, పిమ్మట దానిని మానుకొన్నవాడు, స్వయముగా కవి. ఆయన భార్య క్షేత్రమణి. వారికి ముగ్గురు బిడ్డలు. 1851లో అబ్జు, 1854లో అరు, 1856లో తోరు జన్మించిరి. 1862లో ఆ కుటుంబము క్రైస్తవమతము పుచ్చుకొన్నది. మరుసటి సంవత్సరము వారు బొంబాయికి పోయి ఏడాది కాలము అక్కడ ఉండిరి. అది తప్ప పిల్లల బాల్యమంతయు మానిక్‌తలా వీథిలోని యింటను, ఊరి వెలుపల బాగ్‌మారీ తోటయింటను గడచినది.

ఉద్యోగరీత్యా ఊరూరు తిరుగు కుటుంబములకు ఒక సంగతి బాగుగా తెలియును. చుట్టుప్రక్కల మన మాట మాటాడువారు లేనిచోట పెరిగిన పిల్లలకు తోబుట్టువులే ఊరు, తోబుట్టువులే బంధువర్గము. దత్తుల పిల్లలు సొంత నగరములోనే అట్టి స్థితిలో పెరిగిరి. మతము మార్చుకొన్న యింటికి హిందూ సమాజములో రాకపోకలు తగ్గినవి. ఇంగ్లీషువారి సమాజము పూర్తిగా తమది కాదు. నడుమ మిగిలినది ఆ తోట, ఆ చెరువు, ఆ ముగ్గురు.

తండ్రి గోవిందచంద్రుడు తన బిడ్డలను గూర్చి ఒక పద్యము వ్రాసెను. అందు రెండవ బిడ్డను ఇంటికి సొగసుగాను, మెత్తని స్వభావము గలదానిగాను వర్ణించెను. మూడవది చిన్నది, చింపిరి జుట్టుది, పట్టుదల గలది, పిలిచినను పలుకక పక్షులతోను పిల్లులతోను మాటలాడుకొనునది. ఆ మెత్తనిది అరు. ఆ చింపిరి జుట్టుది తోరు. ఏ యింటనైనను ఇట్టి జత కనబడును. గలగలలాడు చెల్లెలు, ఆమె వెనుక నిలిచి చిరునవ్వు నవ్వు అక్క. చూచినవారందరు చెల్లెలినే చూతురు.

చదువు ఇంటనే. బడికి పోలేదు. ఇంటికి వచ్చు బంగాళీ పంతులు ఇంగ్లీషు నేర్పెను. ఆయన యొద్ద మిల్టను కావ్యమగు 'పారడైజ్ లాస్ట్'ను అక్కచెల్లెండ్రు ఎన్ని మారులు చదివిరనిన, మొదటి ఆశ్వాసమును రెండవదానిలో కొంత భాగమును పుస్తకము చూడకయే చెప్పగలిగెడివారు. పదియేండ్ల పిల్లలకు అది తగిన చదువా యని ఈ కాలపు తలిదండ్రులు సందేహింపవచ్చును. కాని భారతమును, భాగవతమును వల్లె వేయించిన తాతలున్న తెలుగు ఇండ్లలో ఆ ప్రశ్న పుట్టెడిది కాదు.

తల్లి నేర్పిన చదువు వేరు. 'సీత' అను చిన్న పద్యములో తోరు ఆ దృశ్యమును చూపినది. చీకటి గదిలో ముగ్గురు పిల్లలు కూర్చుండియున్నారు. తల్లి పాడుచున్నది. పాటలో దట్టమైన అడవి, దాని నడుమ కొలను, హంసలు, ముని ఆశ్రమము, అక్కడ ఒంటరిగా కన్నీరు కార్చు ఒక స్త్రీ. సీతమ్మ దుఃఖమునకు ముగ్గురు పిల్లల కన్నులును చెమ్మగిల్లును. ఆ పద్యమును చదువుచున్న తెలుగు స్త్రీకి ఇది పరదేశపు కవిత్వమని తోచదు. ఊర్మిళాదేవి నిద్ర, లక్ష్మణదేవర నవ్వు వంటి పాటలను అమ్మమ్మ నోట విన్న పిల్లలు ఆ చీకటి గదిని ఎరుగుదురు. పద్యము చివర తోరు అడిగిన ప్రశ్న చిన్నది: ఆ పిల్లలు మరల ఎన్నడు తల్లి ప్రక్కన చేరుదురు?

ఆ ప్రశ్న ఊరక పుట్టినది కాదు. 1865లో అబ్జు చనిపోయెను. అతనికి పదునాలుగేండ్లు నిండలేదు. ముగ్గురిలో ఇద్దరు మిగిలిరి.

1869లో గోవిందచంద్రుడు భార్యతోను కుమార్తెలతోను ఐరోపాకు ప్రయాణమయ్యెను. సముద్రము దాటిన తొలి బంగాళీ స్త్రీలలో వీరు చేరుదురు. ఫ్రాన్సు దేశమున నీస్ పట్టణములో అక్కచెల్లెండ్రు కొన్ని నెలలు ఒక బాలికల పాఠశాలలో చదివిరి. వారి జీవితములో పాఠశాల యనునది అదియొకటియే. అయినను ఆ కొన్ని నెలలు ఆ యిరువురను మార్చివేసినవి. ఫ్రెంచి భాష వారికి రెండవ మాతృభాషయైనది. 1870లో లండనునకు వచ్చిరి. 1871 మొదలు 1873 వరకు కేంబ్రిడ్జిలో నుండి స్త్రీల కొరకు ఏర్పరచిన ఉపన్యాసములకు పోయిరి. మేరీ మార్టిన్ అను బాలికతో తోరునకు స్నేహము కుదిరినది అక్కడనే. అరు బొమ్మలు వేయుటలో నేర్పరి. తోరు కథ వ్రాయుటయు, అరు దానికి చిత్రములు గీయుటయు అని అక్కచెల్లెండ్రు ఒక ఒడంబడిక చేసికొనిరి. ఆ కథ ఫ్రెంచిలో వ్రాయవలసినది.

వయసులో అరు పెద్దదైనను ముందడుగు తోరుదే. చెల్లెలి యెదుట వెనుకకు తగ్గియుండుట అరునకు కష్టముగా తోచలేదనియు, అది ఆమెకు సహజముగనే యుండెననియు, వారి నడుమ ప్రేమ ఎన్నడును చెదరలేదనియు తండ్రి పిమ్మట వ్రాసెను. ఈ మాటను ఊరక నమ్మవచ్చునా? తలిదండ్రులు తమ బిడ్డల విషయమున చూడదలచినదానినే చూతురు. అయినను ఇచ్చట తండ్రి మాటను కాదనుటకు ఆధారమేమియు కనబడదు. అరు వ్రాసినవి కొలదియే. వ్రాసినంతవరకు చెల్లెలితో పోటీ యన్నది లేదు. ఇద్దరును ఒకే ఫ్రెంచి పుస్తకములను చదివి, ఒకే పనిని పంచుకొని అనువదించిరి.

1873లో వారు కలకత్తాకు తిరిగి వచ్చిరి. అరునకు అప్పటికే క్షయరోగము పట్టియున్నది. ఆ కాలమున దానికి మందు లేదు. క్షయకు కారణమగు సూక్ష్మజీవిని రాబర్ట్ కోహ్ కనుగొన్నది 1882లో. దానిని చంపగల స్ట్రెప్టోమైసిను లభించినది 1940ల నడుమ. గాలి మార్పు, విశ్రాంతి, మంచి ఆహారము, ప్రార్థన, ఇవి తప్ప వైద్యుని చేతిలో ఏమియు లేని దినములవి. 1874 జూలై 23వ తేదీన అరు కన్నుమూసినది. ఇరువదేండ్లు నిండుటకు ఇంకను కొన్ని వారములు మిగిలియున్నవి.

ఆ సంవత్సరము డిసెంబరులో లాల్ బిహారీ దే నడపుచుండిన 'బెంగాల్ మాగజైను'లో తోరు మొదటి వ్యాసము వెలువడినది. అది లెకాంత్ ద లీల్ అను ఫ్రెంచి కవిని గూర్చినది. పదునెనిమిదేండ్ల పిల్ల అక్క పోయిన అయిదు నెలలకు అచ్చులోనికి వచ్చినది. దుఃఖమునకు ఆమె వెదకికొన్న పని అదియే. 1875 చివర తండ్రితో కలిసి సంస్కృతము ఆరంభించినది. సావిత్రి, ధ్రువుడు, ప్రహ్లాదుడు, తండ్రి కొరకు నీళ్లు ముంచుచు దశరథుని బాణమునకు కూలిన మునిబాలుడు, వీరి కథలు ఆమె ఇంగ్లీషు పద్యములైనవి. యముని వెంట నడచి మగని ప్రాణములు మరలించుకొన్న సావిత్రిని ఈ పిల్ల తన పద్యములలో పొడుగైనదానికి నాయికగా ఏల ఎన్నుకొన్నదో వేరుగా చెప్పనక్కరలేదు.

1876లో ఫ్రెంచి పద్యముల అనువాదము భవానీపురములోని ఒక చిన్న అచ్చుకూటమున ముద్రితమైనది. పీఠిక లేదు, అందము లేదు, కాగితము నాసిరకము. దాని ప్రతి యొకటి ఆగస్టు మాసములో లండనులో 'ఎగ్జామినర్' పత్రిక కార్యాలయమునకు చేరినది. పుస్తకములు రాని కాలము. సమీక్షించుటకు ఏమియు లేదని ఎడ్మండ్ గాస్ సణుగుచుండగా, సంపాదకుడు ఆ పలుచని కట్టను ఆయన చేతిలో పెట్టెను. చెత్తబుట్టకు పోవలసినదని తలచి ఆయన విప్పెను. ఒక పద్యము కంటబడినది. విక్టర్ హ్యూగో వ్రాసిన ప్రాతఃకాల గీతమది. ప్రేయసి తలుపు తెరువలేదని, తూర్పు తెల్లవారుచున్నదని ప్రియుడు పాడును. అది చదివి గాస్ నివ్వెరపోయెను. తోరూ దత్తు కీర్తి ఆ క్షణమున పుట్టినది. పిమ్మట ఆయన వ్రాసిన పరిచయములో ఆ పద్యమును పూర్తిగా ఉదాహరించెను. పలువురు దానిని తోరు కవిత్వమునకు మచ్చుగా చదివిరి.

ఆ పద్యము తోరుది కాదు. పుస్తకములో దాని క్రింద 'ఏ' అను అక్షరము కలదు. అది అరు అనువాదము.

ఇది ఎవరి తప్పును కాదు. ఒక్క అక్షరపు సంతకమును హడావుడిలో చదువరి గమనింపకపోవచ్చును. కాని తోరు మాత్రము దాచలేదు. పుస్తకము చివర తన వ్యాఖ్యలలో ఆ అక్షరముగల పద్యములు తన ఒకే ఒక ప్రియసోదరివని, ఆమె ఇరువదేండ్ల ప్రాయమున నిద్రించినదని, ఆమె బ్రతికియుండిన ఈ పుస్తకము ఇంతకంటె మెరుగై యుండెడిదని, తాను సిగ్గుపడుటకు కారణము తగ్గియుండెడిదని వ్రాసినది. పుస్తకమంతయు తన కష్టమే. నూటయరువదికి పైబడిన పద్యములలో అక్కవి ఎనిమిది మాత్రమే. అయినను ఆ వాక్యమున ఆమె అక్కకు ఇచ్చిన చోటు ఎనిమిది పద్యముల చోటు కాదు.

ఇక సరుగుడు చెట్టు. తెలుగు తీరమున ఈ చెట్టును ఎరుగనివారు లేరు. శ్రీకాకుళము మొదలు నెల్లూరు వరకు ఇసుకనేలలో సరుగుడు తోపులు కలవు. పెండ్లిపందిళ్లకు ఆ గుంజలే. పొయ్యిలోనికి ఆ కట్టెలే. గాలి వీచినపుడు ఆ సన్నని ఆకులలో పుట్టు రొద సముద్రపు హోరువలె నుండును. బాగ్‌మారీ తోటలోని చెట్టు గొప్పది. కొండచిలువ చుట్టుకొన్నట్లు ఒక తీగ దానిని పెనవేసికొన్నది. కొమ్మల నిండ ఎర్రని పూగుత్తులు. తెల్లవారి కిటికీ తెరిచినంతనే తోరు కన్నులు దానిమీదనే నిలిచెడివి. శిఖరమున బొమ్మవలె కదలక కూర్చుండిన కోతిని, క్రింది కొమ్మలలో గంతులిడు దాని పిల్లలను, చెరువులోని కలువలను ఆమె వర్ణించినది. కాని చెట్టు తనకు ప్రియమైనది దాని అందము చేత కాదని స్పష్టముగా చెప్పినది. దాని క్రింద ఆడుకొన్నవారి చేత. ఫ్రాన్సు, ఇటలీ సముద్రతీరములలో వెన్నెలరాత్రి అలల చప్పుడు వినినపుడు, తనకు ఇంటి చెట్టు ఏడ్పు వినబడెనని వ్రాసినది. అప్పటికి అరు ఆమె ప్రక్కననే యున్నది. అన్న ఒక్కడే లేడు. పద్యము వ్రాయునాటికి ఇద్దరును లేరు.

1877 ఆగస్టు 30వ తేదీన అదే క్షయతో తోరును చనిపోయినది. వయస్సు ఇరువదియొకటి. ఆమె కాగితములలో ఫ్రెంచి నవల వ్రాతప్రతి తండ్రికి దొరకినది. 1879లో పారిస్ నగరమున అది వెలువడినది. చిత్రములు గీయవలసిన చేయి అయిదేండ్ల క్రిందటనే ఆగిపోయినది. సావిత్రి మొదలగు పద్యములు, సీత, సరుగుడు చెట్టు కలిసి 1882లో గాస్ పరిచయముతో లండనులో అచ్చయినవి. మేరీ మార్టిన్ తన చెలికత్తె జాబులను అనేక సంవత్సరములు భద్రపరచి, జీవితచరిత్ర వ్రాయపూనిన హరిహరదాసునకు ఇచ్చినది. అవి 1921లో పుస్తకరూపమున వచ్చినవి. అరును గూర్చి లోకమునకు తెలిసినదానిలో చాలభాగము వాటివలననే తెలిసినది.

ముగ్గురు బిడ్డలను పోగొట్టుకొన్న గోవిందచంద్రుడు 1878లో అనువాద పద్యముల రెండవ కూర్పును తానే సరిచూచి, తోరు వ్రాసిపెట్టిన క్రొత్త పద్యములను చేర్చి, బిడ్డలను గూర్చి కొన్ని మాటలు ముందుంచి, భవానీపురములోనే మరల అచ్చు వేయించెను. అరు పద్యములు ఆ కూర్పులోను ఎనిమిదియే.