సిబ్బే నుంచి సిబేలియస్ – ఒక ఇంటిపేరు కథ



ఫిన్లాండు దేశం పేరు మీరు వినే వుంటారు. ఐరోపాకు ఉత్తరపు కొసన, ఒక పక్క స్వీడను, ఇంకో పక్క రష్యా, మధ్యన అడవులతో, లక్షా ఎనభై వేలకు పైబడిన సరస్సులతో వుండే దేశమది. అక్కడ పుట్టిన సంగీతకర్త ఝాన్ సిబేలియస్ పేరు కూడా మీలో కొందరికి కొత్త కాదు. 1899లో ఆయన కట్టిన ‘ఫిన్లాండియా’ను ఆ దేశస్థులు ఈనాటికీ లేచి నిలబడినంత గౌరవంగా వింటారు. అయితే నేనిప్పుడు చెప్పబోయేది ఆయన సంగీతం మాట కాదు, ఆయన ఇంటిపేరు మాట. ఆ పేరు ఎక్కడ పుట్టింది, ప్రపంచమంతా ఎరిగిన పేరు సొంత దేశంలో ఎందుకంత అరుదు, ఆ ఇంట పుట్టిన ఆడపిల్లల దగ్గర ఆ పేరు ఏమైపోయింది అన్నదే నా కథ.

మనం ‘ఇంటిపేరు’ అంటాం కదండీ. ఫిన్నిష్ భాషలో పల్లెటూరి రైతుల పేరుకు ‘తలోన్నిమి’ అని ఒక మాట వుంది. ‘తలో’ అంటే ఇల్లు, ‘నిమి’ అంటే పేరు. అచ్చంగా మన మాటే! కాని ఒక్క తేడా వుంది. మన ఇంటిపేరు మనిషి వెంట ఎన్ని ఊళ్ళయినా తిరుగుతుంది. పశ్చిమ ఫిన్లాండులో పూర్వం అలా కాదు. పేరు ఆ ఇంటికీ ఆ పొలానికీ అతుక్కుని వుండేది, మనుషులే మారేవారు. ‘అంత్తి’ అనే ఆయన కట్టుకున్న ఇల్లు ‘అంత్తిలా’. చివరి ‘లా’కు చోటు అని అర్థం. కొండ పక్కన వున్న ఇల్లు ‘మాకెలా’, ‘మాకి’ అంటే కొండ గనక. అంత్తిలాలో పుట్టిన పిల్లవాడు పెద్దవాడై మాకెలాలో కాపురం పెడితే ఆనాటి నుంచి మాకెలా అయిపోతాడు. ఇల్లరికం వెళ్ళిన అల్లుడు సరేసరి, అత్తవారి పొలం పేరే తన పేరు. మగవాడు ఆడదాని ఇంటి పేరు పెట్టుకోవడమా అని అక్కడ ఎవరూ ముక్కున వేలేసుకోలేదు. పొలం ఎవరిదైతే పేరు వారిది! తల్లిదండ్రులు నాలుగిళ్ళు మారితే తోడబుట్టినవాళ్ళకు వేరువేరు పేర్లుండడమూ కద్దు.

ఇక సొంత ఇల్లూ పొలమూ లేని కూలినాలి జనానికి అసలు ఇంటిపేరే వుండేది కాదు. ‘మత్తి కొడుకు’, ‘మత్తి కూతురు’ అంటే సరిపోయేది.

తూర్పు ఫిన్లాండు సంగతి వేరు. అక్కడివారు అడవి నరికి, కాల్చి, ఆ బూడిదలో విత్తనాలు చల్లి, నేల సారం తగ్గగానే మరో అడవికి పోయేవారు. మన కొండల్లో చేసే పోడు వ్యవసాయం వంటిదే. నిలకడగా ఒక ఇల్లు లేనివాళ్ళకు ఇంటి పేరు ఏం పనికొస్తుంది? అంచేత వాళ్ళ పేర్లు వంశాన్ని పట్టుకుని, మనిషి వెంట నడిచాయి. ‘నెన్’ అని చివర వచ్చే పేర్లు అలాంటివి. హెయ్క్కి సంతతి హెయ్క్కినెన్, నక్క పేరు మీద కెత్తునెన్. ఇందులో మనకు ముచ్చటగా తోచే విషయమేమంటే, ఆ ఇంట పుట్టిన ఆడవారికి ‘నెన్’ తీసేసి ‘తార్’ చేర్చేవారు. కోర్హొనెన్ వారి ఆడపడుచు కోర్హొతార్ అన్నమాట. పెళ్ళయి అత్తారింటికి వెళ్ళినా ఆ పేరు అలాగే వుండేది. తూర్పు పల్లెల్లో పందొమ్మిదో శతాబ్దం దాకా ఆడవారు పుట్టింటి పేరుతోనే బతికి, పుట్టింటి పేరుతోనే పోయారు. భర్త పేరు తగిలించుకోవడం మొదట పట్నపు గొప్పవారిలో వచ్చిన వేడుక. అది మెల్లిగా పల్లెలకు పాకింది.

ఇప్పుడు మన సిబేలియస్ దగ్గరికి వద్దాం.

ఫిన్లాండు దక్షిణ తీరాన ఊసిమా అనే ప్రాంతం వుంది. దాని తూర్పు భాగంలో సిబ్బే అనేది ఒక రైతు ఇల్లు, దానికి చుట్టూ పొలం. సంగీతకర్తగారి తాతకు తండ్రి ఆ పొలానికి యజమాని. పైన చెప్పిన లెక్క ప్రకారం ఆయన వారసులు సిబ్బేవారు కావాలి. కాని ఆ రోజుల్లో చదువుకున్నవారికీ, పట్నంలో వ్యాపారం పెట్టుకున్నవారికీ రైతు ఇంటి పేరు నామోషీ. ఆరువందల ఏళ్ళకు పైగా, 1809 వరకూ, దేశం స్వీడను ఏలుబడిలో వుంది. దొరల భాష స్వీడిష్, పండితుల భాష లాటిన్. అందుకని పొలం పేరుకు ఒక లాటిన్ తోక తగిలిస్తే పెద్దమనిషి పేరు తయారయ్యేది. ‘తొప్పిలా’ అనే పొలం పేరు ‘తొపేలియస్’ అయింది. పిల్లల కథలు రాసి పేరు తెచ్చుకున్న తొపేలియస్ ఆ ఇంటివాడే. కెత్తునెన్ వారిలో ఒక శాఖ నక్కను గ్రీకు భాషలోకి మార్చుకుని ‘అలొపేయస్’ అయింది. నక్క నక్కే, కోటు మారిందంతే! ఆ వరసలోనే ‘సిబ్బే’ కాస్తా ‘సిబేలియస్’ అయి, లోవీసా అనే చిన్న రేవు పట్నంలో వ్యాపారస్థుల ఇల్లు చేరింది.

అరుదు ఎందుకన్నదానికి జవాబు ఇక్కడే వుంది. కొండ పేరు మీద, వాగు పేరు మీద వచ్చిన పేరు వందల ఊళ్ళలో విడివిడిగా పుట్టగలదు. కొండలకూ వాగులకూ కొదవా? ‘విర్తా’ అంటే ప్రవాహం. విర్తానెన్లు ఈనాడు ఇరవై వేలకు పైగా వున్నారు. వాళ్ళందరూ చుట్టాలు కారు. కోర్హొనెన్లూ ఇరవై వేల పైమాటే. కాని ఒక్క పొలం పేరుకు ఒక్క కుటుంబం తన కోసం తగిలించుకున్న లాటిన్ తోక ఇంకోచోట పుట్టదు. ఆ కుటుంబంలో మగపిల్లలు ఎందరుంటే ఆ పేరు అంతే.

సంగీతకర్త తండ్రి క్రిస్టియన్ గుస్తావ్ సిబేలియస్ వైద్యుడు. హామెన్‌లిన్నా అనే ఊళ్ళో ప్రాక్టీసు. 1865లో ఈ పిల్లవాడు పుట్టాడు. 1868లో, దేశమంతా కరువు, దాని వెంట టైఫస్ జ్వరాలు వున్న ఏడాది, రోగులకు మందిచ్చే ఆయనే ఆ జ్వరంతో పోయాడు. మిగిల్చింది అప్పులు. భార్య మరియా అప్పటికి గర్భవతి. చంకలో ఒకరు, చేతిలో ఒకరు, కడుపులో ఒకరు. ఆమె ఏం చేస్తుంది? ఏ ఆడదైనా చేసే పనే చేసింది, తల్లి ఇంటికి చేరింది. ఆ ఇంటివారు బోర్గ్ వారు. అంటే సిబేలియస్ పేరుతో లోకమంతా తెలిసిన ఆ బిడ్డను పెంచి పెద్దచేసింది బోర్గ్ వారి ఇంటి అమ్మమ్మ, అమ్మ. ఈ మాట నేను కావాలనే ఆగి చెబుతున్నాను.

ఆయన మొదటి పేరు వెనుక కూడా చిన్న కథ వుంది. పెట్టిన పేరు యోహాన్, ఇంట్లో ముద్దుగా యాన్నె. ఆయన పుట్టకముందే చనిపోయిన, ఓడ కెప్టెనైన తండ్రిగారి సోదరుడొకాయన విదేశీ రేవుల్లో దర్జాగా వుంటుందని తన పేరును ఫ్రెంచివారి తీరులో ‘ఝాన్’ అని అచ్చు వేయించుకున్నాడు. ఆ విజిటింగ్ కార్డులు కట్ట కట్టగా ఇంట్లో మిగిలిపోయాయి. కుర్రవాడు వాటిని చూసి, ఇవి ఊరికే పోవడమెందుకని తానే ఝాన్ అయ్యాడు! పొదుపంటే అది.

1892లో ఆయన ఐనో యార్నెఫెల్ట్‌ను పెళ్ళాడాడు. వరసగా ఆరుగురు కూతుళ్ళు – ఎవా, రూత్, కిర్స్తి, కతరీనా, మార్గరేతా, హెయ్ది. కిర్స్తి 1900లో పసితనంలోనే టైఫస్ వచ్చి పోయింది. తాతగారిని తీసుకుపోయిన జ్వరమే. మిగిలిన అయిదుగురూ పెరిగి పెద్దవాళ్ళయి పెళ్ళిళ్ళు చేసుకున్నారు.

ఈ పిల్లలు పెరుగుతున్న రోజుల్లోనే దేశంలో పేర్ల తుఫాను ఒకటి రేగింది. అప్పటికి ఫిన్లాండు రష్యా చక్రవర్తి కింద వుంది. జనంలో చాలామంది మాట్లాడేది ఫిన్నిష్, కాని చదువుకున్నవారి పేర్లు స్వీడిష్. స్వీడిష్ పేర్లు వదిలి మన భాష పేర్లు పెట్టుకుందామని రచయిత యోహన్నెస్ లిన్నన్‌కోస్కి పిలుపునిచ్చాడు. ఫిన్నిష్ భాషకు హోదా తెచ్చిన స్నెల్మన్ పండితుని శతజయంతి నాడు, 1906 మే 12న, వేలకు వేల కుటుంబాలు ఒక్కసారిగా పేర్లు మార్చుకున్నాయి. చిత్రకారుడు గల్లేన్ ఆ మరుసటి ఏడు గల్లేన్-కల్లెలా అయ్యాడు. విచిత్రం ఏమిటంటే, ఎవరి జయంతికి ఇదంతా జరిగిందో ఆ స్నెల్మన్ పేరే స్వీడిష్! సిబేలియస్ మాత్రం పేరు మార్చుకోలేదు.

కాని ఆ తుఫాను ఆయన అల్లుళ్ళ రూపంలో ఇంటికి వచ్చింది. పెద్దమ్మాయి ఎవా మెట్టినవారు పాలోహెయ్మోలు. 1906 దాకా వాళ్ళు బ్రాండర్లు. ‘బ్రాండ్’ అన్నా ‘పాలో’ అన్నా మంటే. అర్థం వుంచుకుని భాష మార్చుకున్నారు. రూత్ నాటకాల్లో పేరున్న నటి. స్నెల్మన్ అనే నటుణ్ణి పెళ్ళాడింది. కతరీనా ఇల్వెస్ వారి కోడలు. ఇక నాలుగో అమ్మాయి మార్గరేతా, చివరి అమ్మాయి హెయ్ది అన్నదమ్ములిద్దరిని చేసుకున్నారు. వాళ్ళు బ్లోమ్‌స్టెడ్ వారి పిల్లలు. అన్న ఔలిస్ పేరున్న ఆర్కిటెక్టు, పాత పేరే వుంచుకున్నాడు. తమ్ముడు యుస్సి వాద్యబృందాన్ని నడిపే సంగీతజ్ఞుడు, ‘యాలస్’ అని ఫిన్నిష్ పేరు పెట్టుకున్నాడు. కనుక అక్కాచెల్లెళ్ళు ఒకే ఇంటికి కోడళ్ళయి కూడా, ఒకరు యాలస్, ఒకరు బ్లోమ్‌స్టెడ్ అయ్యారు. అన్నదమ్ములకు పేరు మార్చుకోవాలా వద్దా అనే స్వేచ్ఛ వుంది. అక్కచెల్లెళ్ళను ఎవరైనా అడిగారా? అయిదుగురూ సిబేలియస్‌ను పుట్టింటి గడప దగ్గర వదిలి వచ్చారు. ఆయన మనుమలకూ మనుమరాళ్ళకూ అయిదు ఇళ్ళ పేర్లు.

ఇక్కడ చట్టం సంగతి చెప్పాలి. ఫిన్లాండు ఆడవారికి 1906లోనే ఓటు వచ్చింది. ఐరోపాలో అదే మొదలు. 1907 ఎన్నికల్లో 19 మంది స్త్రీలు శాసనసభలో కూర్చున్నారు. ఇంటిపేరు లేనివారందరూ ఒకటి పెట్టుకు తీరాలని 1920లో ఒక చట్టం చేశారు. ఆ తరువాత 1929లో చేసి 1930 నుంచి అమలుపరచిన వివాహ చట్టం భార్య మీద భర్త పెత్తనాన్ని తొలగించింది, ఆస్తి మీద హక్కు ఇచ్చింది. ఇంతవరకూ మెచ్చుకోవలసిందే. కాని అదే చట్టం, పెళ్ళయిన స్త్రీ భర్త పేరే పెట్టుకోవాలని శాసించింది! పుట్టింటి పేరు మీద మమకారముంటే దాన్ని ముందు రాసి, చిన్న గీత గీసి, వెనక భర్త పేరు రాసుకోవచ్చు. అంతే. అంతకుముందు ఆచారంగా వున్నది చట్టమైంది. కోర్హొతార్ల మనుమరాళ్ళకు ఈ గతి పట్టింది. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకోవడమంటే ఇదే గదా అనిపిస్తుంది నాకు.

ఇది యాభై అయిదేళ్ళు నడిచింది. 1985లో చట్టం మార్చి, 1986 నుంచి ఎవరి పేరు వారే వుంచుకోవచ్చు, లేదా ఇద్దరిలో ఎవరిదైనా ఒక పేరు ఇద్దరూ పెట్టుకోవచ్చు అన్నారు. 2019 నుంచి రెండు పేర్లూ కలిపి దంపతులిద్దరూ వాడుకోవచ్చు. సిబేలియస్ కూతుళ్ళలో ఎవా, రూత్, హెయ్ది 1986 చూడకుండానే వెళ్ళిపోయారు. కతరీనా 1984లో పోయింది. మార్గరేతా ఒక్కతే ఆ రోజు దాకా వుంది, అప్పటికి ఆమెకు 77 ఏళ్ళు.

పోనీ, అరుదైన పేరు గనక ఎవరైనా ఇష్టపడి ‘సిబేలియస్’ అని పెట్టుకుంటే? అక్కడ కుదరదు. ఒక కుటుంబానిదిగా స్థిరపడిన పేరును, సంబంధం లేని వారు తీసుకోవడానికి చట్టం ఒప్పుకోదు. కొత్త పేరు కావాలంటే ఎవరికీ లేనిది కల్పించుకోవాలి. ఏ పేరు ఎంతమందికి వుందో ఆ దేశపు జనాభా కార్యాలయం ఇంటర్నెట్‌లో అందరికీ చూపిస్తుంది. అందుకని అరుదైన పేరుకు కంచె వుంది, దాన్ని పెంచే దారి మాత్రం కడుపున పుట్టినవారే.

మనుషుల్లో తగ్గిన పేరు రాళ్ళ మీదా, గోడల మీదా పెరిగింది. హెల్సింకీలో 1882లో మొదలైన సంగీత పాఠశాలకు 1939లో సిబేలియస్ అకాడమీ అని పేరు పెట్టారు. 1967లో అదే నగరంలో ఆయన స్మారకం నిలబెట్టారు. ఆరువందలకు పైగా ఉక్కు గొట్టాలు గుత్తిగా వేలాడుతున్నట్టు వుంటుంది. చేసిన శిల్పి ఒక స్త్రీ, ఎయ్లా హిల్తునెన్. భర్త ఇంటిపేరు పియెతినెన్. కాని ఆమె కళాలోకంలో నిలుపుకున్నది తూర్పున తాను పుట్టినింటి ‘నెన్’ పేరే.

ఇంకొక ఇల్లుంది. 1904లో సిబేలియస్ దంపతులు హెల్సింకీకి దూరంగా యార్వెన్‌పాలో సరస్సు ఒడ్డున ఒక కర్ర ఇల్లు కట్టించుకుని కాపురం పెట్టారు. దానికి పాత పద్ధతిలోనే పేరు పెట్టారు: ఐనొలా. అంత్తి వుండే చోటు అంత్తిలా అయినట్టే, ఐనో వుండే చోటు ఐనొలా. యార్నెఫెల్ట్ పోయి సిబేలియస్ వచ్చిన ఆ ఇల్లాలి సొంత పేరు ఇంటి మీద నిలిచింది. కూరల మడులు ఆమెవే, పిల్లలకు ఇంట్లో చదువు చెప్పింది ఆమే. 1957లో ఆయన పోయాక ఆమె అక్కడే పన్నెండేళ్ళు వుండి, 97వ ఏట 1969లో కన్నుమూసింది. ఇద్దరినీ ఆ తోటలోనే సమాధి చేశారు. మీద పరిచిన పలకకు రూపం గీసింది ఆర్కిటెక్టు అల్లుడు ఔలిస్ బ్లోమ్‌స్టెడ్. కూతుళ్ళు 1972లో ఆ ఇంటిని ప్రభుత్వానికి అమ్మారు. 1974 నుంచి అది మ్యూజియం. వేసవిలో తలుపులు తీస్తారు, దేశదేశాల వాళ్ళు వచ్చి సిబేలియస్‌గారి ఇల్లు ఎక్కడని అడిగితే, ఆ ఊరివాళ్ళు ఐనొలాకు దారి చూపిస్తారు.