చోళ్ళ వడపోత గంప

(ఆదివాసీ దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన పాత పనిముట్ల మీద మాట్లాడమని సంఘం వాళ్ళు అడిగారు. విల్లు గురించో డోలు గురించో చెబుతాననుకుని ఉంటారు. నేను వడపోత గంప గురించి చెబుతాను. అవును, కల్లు వడకట్టే గంపే. వార్డెనమ్మ కల్లు గంప గురించి మాట్లాడటమేమిటని అక్కడ కొందరు నవ్వుకుంటున్నారు, కనిపిస్తోంది. నవ్వండి, పర్వాలేదు. తాగమని చెప్పడానికైతే నేను రాలేదు. సారాకి మా పెద్దన్నయ్యని పోగొట్టుకున్న ఇల్లు మాది. ఇక్కడ లైసెన్సు లేకుండా ఇంట్లో కాయడం నేరమని కూడా తెలుసు. నేను చెప్పేది వడకట్టే పని గురించి మాత్రమే.

మా అక్క కొడుకు అమెరికాలో ఉద్యోగం చేస్తున్నాడు. ఆశ్రమ పాఠశాలలో చదివినవాడే. అక్కడ పెద్దవాళ్ళు సొంత వాడకానికి ఇంట్లో బీరు కాచుకోవచ్చు. 1978లో చట్టం చేశారు. ఇద్దరు పెద్దవాళ్ళున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్లు, అంటే సుమారు 757 లీటర్ల దాకా. కొన్ని రాష్ట్రాలు ఆలస్యంగా ఒప్పుకున్నాయి, ఆఖరివి 2013లో. వాడికి పనిముట్లు చేసుకోవడం సరదా. ఒకరోజు వీడియో కాల్ చేసి, ఐసు వేసుకునే పెద్ద ప్లాస్టిక్ పెట్టె చూపించాడు. "పిన్నీ, ఇదే నా వంటపాత్ర" అన్నాడు.

వాళ్ళ పద్ధతి ఇది. బార్లీని మొలకెత్తించి, ఆరబెట్టి, పలుకుగా మరపట్టిస్తారు. దాన్ని ఆ పెట్టెలో సుమారు 65 డిగ్రీల వేడినీళ్ళలో గంటసేపు నానబెడతారు. మొలకలో పుట్టిన ఎంజైములు పిండిని చక్కెరగా మారుస్తాయి. పెట్టె గోడలు మందంగా ఉంటాయి కాబట్టి వేడి పోదు. ఆ తర్వాత తియ్యటి నీళ్ళు కిందికి దిగాలి, పిప్పి పైన ఉండిపోవాలి. చెప్పడానికి ఇంతే. చేతులు కాలేది ఇక్కడే.

మావాడు మొదట నీళ్ళ గొట్టానికి పైన ఉండే స్టీలు అల్లిక తీసుకున్నాడు. లోపలి రబ్బరు లాగేసి, ఒక చివర మడిచి బిగించి, రెండో చివర కుళాయికి తగిలించి పెట్టె అడుగున పరిచాడు. రెండుసార్లు బాగానే పనిచేసింది. మూడోసారి గింజల బరువుకి అల్లిక చదునైపోయింది. దాని లోపల స్ప్రింగులా చుట్టిన స్టీలు తీగ దూర్చి సరిచేశాడు. తర్వాత అదీ తీసేసి రాగి గొట్టం పెట్టాడు. హాక్సా బ్లేడుతో గొట్టానికి సగం లోతు దాకా గాట్లు పెట్టి, ఆ గాట్లు నేలవైపు తిప్పాడు. పైవైపు ఉంటే పిండి నేరుగా అందులో కూరుకుంటుందట. అతుకులకు సీసం లేని టంకమే వాడాడు. మామూలు పీవీసీ గొట్టం వేడికి మెత్తబడుతుందని ముట్టుకోలేదు. ఇవన్నీ శ్రద్ధగా చెప్పాడు. నేను సగం వింటూ సగం వాడి ముఖం చూస్తున్నాను. మూడో తరగతిలో సైకిలు బెల్లు విప్పి మళ్ళీ బిగించలేక ఏడ్చిన పిల్లాడు వీడే.

నాకు ఆశ్చర్యం కలిగించిన సంగతి వేరే. గొట్టం అసలు జల్లెడ కాదట. అది దారి చూపిస్తుందంతే. జల్లెడ పని చేసేది బార్లీ పొట్టు. మరపట్టినా ఆ పొట్టు పెద్ద పెద్ద రేకులుగా మిగిలి, అడుగున పరుపులా పేరుకుంటుంది. ఆ పరుపు సందుల్లోంచి నీళ్ళు దిగుతూ తేటపడతాయి. అందుకే మొదట వచ్చే మసకనీళ్ళను పారబోయరు, మళ్ళీ పైనే పోస్తారు. కుళాయి ఒక్కసారిగా పూర్తిగా తిప్పితే పరుపు కిందికి లాగబడి గట్టిగా బిగిసిపోతుంది, ఇక చుక్క రాదు. చివర్లో మిగిలిన తీపి దిగడానికి పైనుంచి పోసే నీళ్ళు వేడిగా ఉండాలి కానీ మరగకూడదు, 77 డిగ్రీలు దాటితే పొట్టులోని వగరు కూడా దిగుతుంది.

ఇంతా చెప్పి వాడు అసలు సంగతికొచ్చాడు. ఇంటి మీద బెంగతో ఒకసారి బార్లీ తగ్గించి మొలకెత్తిన చోళ్ళ పిండి వేశాడట. పెట్టె మొత్తం జేగురుమన్నులా పట్టేసింది. ఊదినా రాలేదు, కలిపినా రాలేదు. రాత్రి రెండింటికి గిన్నెతో తోడి పారబోశాడు. "పిన్నీ, అమ్మమ్మ చోడి కల్లు చేసేది కదా, మరి గంపలోంచి ఎలా దిగేది?" అని అడిగాడు.

నాకు జవాబు తెలియలేదు.

తెలియకపోవడానికి కారణం ఉంది. ఇది ఇంతవరకూ ఎక్కడా చెప్పలేదు. టీచర్ ట్రైనింగ్ పూర్తయి నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో, నాతో పనిచేసేవాళ్ళు మా ఊరు చూస్తామన్నారు. వాళ్ళొచ్చే ముందురోజు ఇల్లు అలికించాను, గోడకు సున్నం వేయించాను. అటక మీదున్న వడపోత గంపను దించి పొయ్యిలో పెట్టాను. అమ్మమ్మ అప్పటికి మంచం మీద ఉంది. పొగ వాసన చూసి "వెదురు కాలుతున్నట్టుంది, ఏటే అది?" అంది. పాత చేట అన్నాను. ఆ తర్వాత రెండేళ్ళు బతికింది. గంప ఏదని ఎప్పుడూ అడగలేదు. ఆమెకు తెలుసు.

సరే, మావాడికి ఏదో చెప్పాలి కదా. దసరా సెలవుల్లో పై ఊళ్ళో ఉన్న మా మేనత్త దగ్గరికి వెళ్ళాను. గంప మాటెత్తగానే "మా ఇంట్లో అలాంటివేం లేవమ్మా" అంది, వీధివైపు చూస్తూ. సొంత మేనకోడలిని చూసి కూడా భయమే. రెండో రోజు సాయంత్రానికి మెత్తబడింది. పాత గంప నిజంగానే లేదు, ఎలకలు కొట్టేశాయి. ఇద్దరం కలిసి కొత్తది అల్లాం. అంటే ఆమె అల్లింది, నేను ఈనెలు అందించాను.

గంప పైన వెడల్పుగా, కిందికి వచ్చేకొద్దీ సన్నగా ఉంటుంది. ముదిరిన వెదురే కావాలి, లేతది వేడికి వంగిపోతుంది. అల్లిక సందు చోడి గింజ పట్టేంత ఉండాలి. నేను సన్నగా ఉంటే మంచిది కదా అన్నాను. "సన్నంగా అల్లితే చేట అవుతాది, గంప ఎందుకవుతాది?" అంది అత్త. గంప పని బరువు మోయడం వరకే అన్నమాట. అచ్చం మావాడి రాగి గొట్టం లాగానే.

లోపల మొదట వరిగడ్డి. వేడినీళ్ళలో ముంచి మెత్తబడ్డాక, మొనలో గుండ్రంగా చుట్టి, దాని మీద అడ్డంగా, నిలువుగా జానెడు మందం పరిచింది. మందు కొట్టిన పొలం గడ్డి మాత్రం వద్దంది. అప్పుడు చెప్పింది అసలు కిటుకు. పులిసిన చోళ్ళ ముద్దను గంపలో వేసేముందు అందులో నాలుగు దోసిళ్ళ వడ్ల ఊక కలుపుతుంది. కడిగిన ఊక. చోడికి వడ్లలా గట్టి పొట్టు లేదు. పైనున్న పలుచని పొర చేత్తో నలిపితేనే ఊడిపోతుంది. పిండి చూస్తే మెత్తన. కాబట్టి పరుపు కట్టడానికి అందులో ఏమీ ఉండదు. ఆ పరుపును బయట నుంచి తెచ్చి ఇవ్వాలి. ముద్ద మీద ఒక ఆకు పరిచి, వేడినీళ్ళు ఆ ఆకు మీద పోస్తుంది, ధార తగిలి గుంట పడకుండా. మొదటి చెంబెడు మసకగా వస్తే మళ్ళీ పైన పోస్తుంది. దిగడం ఆగిపోతే కెలకదు, సన్నటి పుల్లతో అంచుల వెంట నాలుగు చోట్ల గుచ్చుతుంది.

ఒక తేడా ఉంది, అదీ చెప్పాలి. మావాడు ముందు వడకట్టి తర్వాత పులియబెడతాడు. మనవాళ్ళు ముందు పులియబెట్టి తర్వాత వడకడతారు. వడపోత సూత్రం మాత్రం రెంటికీ ఒకటే. ఊక సంగతి చెప్పగానే ఫోన్లో వాడు పెద్దగా నవ్వాడు. అక్కడి దుకాణాల్లో కడిగిన వడ్ల ఊకను సంచుల్లో అమ్ముతారట, సరిగ్గా ఇందుకే. గింజల బరువులో ఇరవయ్యో వంతు నుంచి పదో వంతు వరకు కలుపుతారట. వాడు గోధుమ వేసినప్పుడు కొన్నాడు కూడా. చోళ్ళ విషయంలో అక్కర్లేదనుకున్నాడు, అమ్మమ్మ గంపలో ఊక వేయడం చూసిన గుర్తు లేదు కాబట్టి.

వాడే ఇంకొకటి కూడా చెప్పాడు. ఫిన్లాండులో సాహ్తి అనే పల్లెటూరి బీరు ఉంది. దాన్ని వడకట్టడానికి తొలిచిన దుంగతో చేసిన పొడవాటి తొట్టి వాడతారు, పేరు కూర్నా. అడుగున జూనిపర్ కొమ్మలు, గడ్డి పరుస్తారు. సాహ్తిని సంప్రదాయ ప్రత్యేక ఉత్పత్తిగా 2002లో ఐరోపా సమాఖ్య నమోదు చేసింది. ఆ తొట్టి ఫోటో అత్తకు చూపిస్తే, "పక్కకి వాల్చినారేటి దీన్ని?" అంది. అంతకుమించి ఆశ్చర్యపోలేదు.

ఇప్పుడు హాస్టల్ సంగతి. మా పిల్లలకు మొలకెత్తిన చోళ్ళు రుబ్బి పాలు తీసి జావ కాస్తాం. పులియబెట్టేది ఏమీ లేదు. గుడ్డలో వడకడితే పట్టేసేది, పిండలేక వంటమనిషి చేతులు నొప్పి పుట్టేవి. గంపతో, ఊకతో చేసి చూశాం. గుడ్డలో వచ్చినంత చిక్కగా రాలేదు, కొంత పిండి పరుపులోనే ఉండిపోయింది. కాబట్టి జావకు గంప లాభం లేదని ఒప్పుకుంటున్నాను, మళ్ళీ గుడ్డకే వచ్చాం. కానీ అది సైన్సు పాఠానికి పనికొచ్చింది. మూడు ప్లాస్టిక్ సీసాలు అడుగు కోసి తలకిందులుగా పెట్టాం. ఒకదాంట్లో ఉత్త చోడి పిండి, ఒకదాంట్లో ఊక కలిపిన పిండి, మూడోదాంట్లో అడుగున గడ్డి వేసి పైన ఊక కలిపిన పిండి. నీళ్ళు పోశాం. మొదటిది నాలుగు చుక్కలు కార్చి ఆగిపోయింది. ఎందుకని అడిగాను. వెనక బెంచీలో ఎప్పుడూ నోరు విప్పని ఎనిమిదో తరగతి పిల్ల లేచి, "ఊక లేదు టీచర్, మా మామ్మ ఊక వేస్తాది" అంది. అనేసి నోటి మీద చెయ్యి పెట్టుకుంది. క్లాసంతా ఆమె వైపు తిరిగింది.

మీ మామ్మ ఎంత వేస్తుంది అని అడిగాను. దోసిలి చేసి చూపించింది. బోర్డు మీద రాశాను.

పీసా చట్టం 1996లో వచ్చింది. మత్తు పదార్థాల అమ్మకాన్ని, వాడకాన్ని ఆపే, అదుపుచేసే అధికారం గ్రామసభకు ఉండాలంటుంది. మా ఊళ్ళో సారా ఆపడానికి ఆడవాళ్ళం ఆ మాట పట్టుకునే కూర్చున్నాం, ఇంకా కూర్చుంటాం. ఆ సభలోనే ఒక పెద్దమనిషి గంపలు కూడా తగలబెట్టాలన్నారు. నేను ఒకటి తగలబెట్టి ఉన్నాను కాబట్టి లేచి వద్దన్నాను.

అత్త అల్లిన గంప వెనక బల్ల మీద పెట్టాం. పక్కనే మూడు సీసాలు, ఊక, గడ్డి ఉన్నాయి. మా ఎనిమిదో తరగతి పిల్లలు చేసి చూపిస్తారు. గంప చేతిలోకి తీసుకుని చూడొచ్చు. మొన దగ్గర మాత్రం జాగ్రత్త, ఈనెలు ఇంకా కొత్తవి, గుచ్చుకుంటాయి.